ముద్దాయిలుగా వస్తాం

"వాళ్ళు చెప్పేదంతా నిజమే అనుకుందాం" అన్నాడు చర్చి వకీలు. "అయినా సరే, కేసు వేసే గడువు దాటిపోయింది."

జడ్జి తలూపి కేసు కొట్టేశాడు. చెప్పుల ఫ్యాక్టరీలో వయసంతా తోలు కుట్టిన జెర్వేజ్ పెల్టియే తన పేరు పిలుస్తారని పొద్దున్నుంచీ గొంతు కూడగట్టుకుని కూర్చుంది. ఎవరూ పిలవలేదు. బిషప్ మనుషులు చేతులు కలుపుకుంటూ బయటికి నడిచారు. అందులో ఒకడు ఆమెకు తలుపు కూడా తెరిచి పట్టుకున్నాడు, ఎంతో మర్యాదగా.

కేసు వేసినవాళ్ళంతా కొండ మీద చర్చి నడిపిన అనాథాశ్రమంలో పెరిగినవాళ్ళే. క్షయతో తండ్రి ఆస్పత్రి పాలైతేనో, కాన్పులో తల్లి పోతేనో, మిల్లు వాడల ఫ్రెంచి కూలీలు పిల్లల్ని అక్కడ వదిలేవాళ్ళు. పక్క తడిపిన పిల్లను సిస్టర్లు బంగాళాదుంపల నేలమాళిగలో పడేసి తాళం వేసేవాళ్ళు. ఫాదర్ వాల్మోర్ రాత్రుళ్ళు మంచాల మధ్య నడిచి, నచ్చిన బిడ్డను తన గదికి తీసుకుపోయేవాడు. జెర్వేజ్ చెల్లెలు ఓదిల్‌ను ఎన్నోసార్లు తీసుకుపోయాడు. ఇరవై నిండకుండానే ఓదిల్ నదిలో దూకింది. ఆత్మహత్య పాపమని చర్చి శ్మశానంలో చోటు కూడా ఇవ్వలేదు.

ఊరికి తెలియదా? తెలుసు. ఫ్యాక్టరీ యజమాని చర్చికి గంట కొనిచ్చాడు, చర్చి సమ్మె పాపమని బోధించింది. ఇద్దరి మధ్యా ఊరు నోరు మూసుకుని బతికింది.

ఆ ఆదివారం యూనియన్ హాల్లో అందరూ కలిశారు. బిషప్ ఆఫీసు నుంచి కబురొచ్చింది: ఒక్కొక్కరే రండి, ఏకాంతంగా క్షమాపణ చెబుతాం, బయట మాట్లాడబోమని సంతకం పెట్టండి. లూసియెన్ అనే ముసలాయన పోదామన్నాడు. గుండె జబ్బు మనిషి. ఒక్క క్షమాపణ మాట విని పోతే చాలన్నాడు. ఎవరికీ ఆయన్ని తిట్టబుద్ధి కాలేదు, ఆర్మాన్‌కు తప్ప.

"ఒక్కొక్కళ్ళనే ఎందుకు రమ్మంటున్నాడో తెల్సా నీకు?" అన్నాడు ఆర్మాన్. అతనూ ఆ ఆశ్రమంలో పెరిగినవాడే, పాత యూనియన్ నాయకుడు. "సమ్మెలో ఓనరూ అట్టాగే పిలిచాడు. లోపలికి మనిషిలా పోయినోడు బయటికి కుక్కలా వచ్చాడు."

వాదన ముదిరింది. కొత్త వకీలును పెడదామన్నారు కొందరు, చట్టం మారేదాకా ఆగుదామన్నారు ఇంకొందరు. ఆగీ ఆగీ సగం మంది చచ్చారని వెనక నుంచి ఎవరో అరిచారు. జెర్వేజ్ చివరికి లేచింది.

"న్యాయం చెయ్యండయ్యా అని పోతే తలుపేశారు. నేరం చేసి పోదాం. ముద్దాయికి తలుపు తియ్యక చస్తారా?"

అందరికంటే లూసియెనే ముందు నవ్వాడు.

కొండ మీది భవనాన్ని ధ్యానమందిరంగా మార్చి, దానికి ఫాదర్ వాల్మోర్ పేరు పెడుతున్నారు. బిషప్ రిబ్బను కత్తిరించే వేళకు వాళ్ళంతా మెట్ల మీద కూర్చున్నారు. కర్రలూ చక్రాల కుర్చీలూ, ఊతంగా పట్టుకొచ్చిన కొడుకులూ కోడళ్ళూ. పూజకొచ్చిన పెద్దమనుషులు ఛీకొట్టారు. చచ్చినవాడి మీద నిందలా, సిగ్గు లేదా అందొక ఆమె. బిషప్ వంగి, ఈ వయసులో మనసులో ఇంత ద్వేషం పెట్టుకోవద్దని జెర్వేజ్‌కు మెత్తగా చెప్పాడు.

"ద్వేషం నాది. దాచుకుంటాను" అంది జెర్వేజ్. "పాపం మీది. మీరెక్కడ దాచారో చెప్పండి."

పోలీసు రెమీ, ఫ్యాక్టరీలో జెర్వేజ్ పక్క మిషను మీద కుట్టిన ఆవిడ కొడుకు, మోకాళ్ళ మీద కూర్చున్నాడు. "పెద్దమ్మా, లేమ్మా. నా చేత ఈ పని చేయించకు."

"నీ పని నువ్వు చెయ్యి నాయనా. చేతులు మాత్రం మెల్లగా పట్టుకో, కీళ్ళనొప్పులు."

అందర్నీ వ్యానెక్కించారు. కానీ విచారణ రోజున చర్చి ఫిర్యాదు వెనక్కి తీసుకుంది. ఇళ్ళకు పోవచ్చన్నాడు జడ్జి. క్షమించారట. ఆ మాట విని జెర్వేజ్‌కు ఒళ్ళు మండిపోయింది.

చర్చి క్షమించలేని చోటు కావాలి. అది రాజధానిలో దొరికింది. పాత కేసులకు గడువు ఎత్తేసే బిల్లును శాసనసభ కమిటీ తొక్కిపెట్టి కూర్చుంది. వాళ్ళు ఆ కమిటీ గది తలుపుకు అడ్డంగా కూర్చున్నారు. ఈసారి ఫిర్యాదు ప్రభుత్వానిది. బిషప్ వెనక్కి తీసుకోలేడు.

విచారణలో జడ్జి వాళ్ళ నోరు కట్టేశాడు. లేవమంటే లేచారా లేదా, అంతే ప్రశ్న అన్నాడు. లేవలేదని జ్యూరీ తేల్చింది. నేరం రుజువైంది. అయితే శిక్ష వేసేముందు ముద్దాయి ఏమైనా చెప్పుకుంటుందా అని అడిగి తీరాలి. అది చట్టం. జడ్జి అయిష్టంగానే అడిగాడు.

జెర్వేజ్ లేచి నిలబడింది.

"చెప్పుకుంటానండి. మా చెల్లి పేరు ఓదిల్. దానికప్పుడు ఆరేళ్ళు."

నేలమాళిగ గురించి చెప్పింది. మంచాల మధ్య అడుగుల చప్పుడు గురించి చెప్పింది. పొద్దున్నే ఏడుస్తున్న పిల్ల నోట్లో సబ్బు కుక్కిన సిస్టరు గురించి చెప్పింది. పై అధికారులకు మొరపెట్టుకున్న వంటమనిషిని పనిలోంచి తీసేసి, ఫాదర్‌కు ఇంకో ఊళ్ళో బడి అప్పగించారని చెప్పింది. విలేకరులు తలెత్తకుండా రాసుకున్నారు. జ్యూరీలో ఒకాయన కళ్ళద్దాలు తీసి మొహం తుడుచుకున్నాడు. ఆమె తర్వాత ఆర్మాన్, ఆర్మాన్ తర్వాత లూసియెన్. లూసియెన్ పెళ్ళాంతో కూడా ఎన్నడూ అనని మాట అక్కడ అన్నాడు.

పది రోజుల జైలు వేశాడు జడ్జి. ఎవరూ తల దించుకోలేదు.

అప్పుడు వెనక జనంలోంచి ఒకామె లేచింది. ఆమె పక్కన ఇంకొకాయన, ఆ వరుసంతా, వెనక వరుసా. ఏ ఊళ్ళవాళ్ళో జెర్వేజ్ ఎరగదు. తమకు జరిగిందీ ఇక్కడ చెప్పాలన్నారు.

"ముద్దాయిలకే ఆ హక్కు. మీరు ముద్దాయిలు కారు, కూర్చోండి" అన్నాడు జడ్జి.

ఆమె కూర్చోలేదు.

"రేపవుతాం" అంది.