అయిదో గడిలో సున్నా

ఎల్బీనగర్ రింగు రోడ్డు దగ్గర టైర్ల షాపు నడిపే దశరథకు, కొడుకు అభిలాష్ పెళ్లి కుదిరిన రోజు నుంచీ కాళ్లు నేలమీద నిలవడం లేదు. పిల్ల పేరు భావన. మూసారాంబాగ్‌లో ఒక బ్యాంకులో పనిచేస్తుంది. తండ్రి విశ్వేశ్వరరావు దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లో లెక్కలు చెబుతాడు. తెనాలి వైపు నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబం. పిల్లలిద్దరూ మెట్రోలో ఒకరినొకరు చూసుకున్నారు, పెద్దలు ఒప్పుకున్నారు. మాట పట్టింపు వచ్చింది ఒకే ఒక్క దగ్గర.

"హాలు మేం మాట్లాడతాం బావగారూ. ఆడపిల్లవాళ్లం, అది మా ఆనవాయితీ," అన్నాడు విశ్వేశ్వరరావు.

"గట్లెట్లయితది బావగారు? నాకున్నది ఒక్కడే కొడుకు. గా ముచ్చటన్న నాకు ఇడిసిపెట్టుండ్రి," అన్నాడు దశరథ.

ఇద్దరూ నవ్వుకున్నారు, మైసూర్‌పాక్ తిన్నారు, తర్వాత చూద్దామనుకున్నారు. లోపల మాత్రం ఎవరి పట్టు వాళ్లదే.

సోమవారం పొద్దున షాపు షట్టరు ఎత్తగానే దశరథ ఎల్బీనగర్‌లోని ఫంక్షన్ హాలుకు ఫోన్ చేశాడు. మాఘమాసంలో పంతులు పెట్టిన ముహూర్తానికి హాలు ఖాళీగానే ఉందట. కానీ మేనేజర్ రామస్వామి గొంతు సవరించుకున్నాడు.

"జరసేపటి కింద ఇంకో సారు గూడ గదే తారీఖు అడిగిండు సేటు. ఇద్దరికీ ఒక్కటే మాట. ఎవరి అడ్వాన్స్ ముందుగాల బ్యాంకుల పడితే హాలు ఆళ్లదే. యాబై వేలు. చెక్కు ఫొటో పంపుతున్న, అకౌంటు నంబరు, ఐఎఫ్‌ఎస్‌సి కోడ్ అన్నీ దాని మీదనే ఉన్నయి."

"ఎవరా సారు?"

"పేరడగలె. మస్తు మర్యాదగ మాట్లాడిండు."

ఆ మర్యాదస్తుడి బండి నాలుగు టైర్లూ ఒకేసారి పంచరు కావాలని దశరథ మనసారా కోరుకున్నాడు. పనివాళ్లకు షాపు అప్పగించి ఇంటికి పరిగెత్తాడు. భార్య విజయశ్రీ చెక్కు ఫొటో చూసి ఒక్కో అక్షరం పైకి చదువుతుంటే, ఆయన తన ఫోన్‌లో టకటకా కొట్టాడు. అకౌంటు నంబరు ఎక్కింది. కోడ్ దగ్గరికొచ్చేసరికి పదకొండు గడులు నింపగానే ఎర్రటి అక్షరాలు: కోడ్ సరిగా లేదు. మళ్లీ కొట్టాడు. మళ్లీ ఎరుపే. మూడోసారి ఇద్దరూ ఊపిరి బిగబట్టి కొట్టారు. ఎరుపే.

"ఆడ గా సారు పంపేసుంటడు," అన్నాడు దశరథ చెమట తుడుచుకుంటూ.

"బ్యాంకుల పనిచేసే కోడల్ని పెట్టుకొని గీ పరేషానెందుకయ్య? ఫోన్ చెయ్," అంది విజయశ్రీ.

చేశాడు. భావన ఓపిగ్గా వింది. "మామయ్యా, అందులో ముందు నాలుగూ బ్యాంకు పేరు తాలూకు అక్షరాలు. చివరి ఆరూ ఆ బ్రాంచి గుర్తు. మధ్యలో అయిదోది ఉంది చూశారా, అది ఏ బ్యాంకుకైనా సున్నానే. మీరు ఇంగ్లీషు ఓ కొట్టి ఉంటారు."

"నాలుగక్షరాల ఎనక సున్నా ఎందుకుంటది బిడ్డా?"

"ముందుముందు అవసరానికని ఆ చోటు అట్టే పెట్టారు. మీరా ఫొటో నాకూ ఒకసారి పంపండి, మిగతావి సరిచూసి చెబుతాను."

పంపాడు. అవతల ముక్కులోంచి చిన్న శబ్దం. ఆ తర్వాత ఆపుకోలేని నవ్వు.

"ఏమైంది బిడ్డా? తప్పున్నదా?"

"ఏం లేదు మామయ్యా, కోడ్ బాగుంది. మీరు పంపించేయండి. తొందరగా పంపించండి," అని మళ్లీ నవ్వులో పడి, మాట పూర్తికాకుండానే ఫోన్ పెట్టేసింది.

కోడలికేమైందో అర్థం కాకపోయినా దశరథ అయిదో గడిలో సున్నా కొట్టాడు. ఎరుపు పోయి పచ్చగా టిక్కు వచ్చింది, ఎల్బీనగర్ బ్రాంచి పేరుతో సహా. వేలితో నొక్కాడు. డబ్బు బయల్దేరింది. విజయశ్రీని రెండు చేతులా పట్టుకుని వంటింట్లో గిర్రున తిప్పాడు. "ఇడువయ్యా, పప్పు మాడుతున్నది," అంటూనే ఆవిడ ఇంకో చుట్టు తిరిగింది.

స్కూటర్ మీద హాలు చేరేసరికి, మేనేజర్ టేబుల్ ముందు చొక్కా చేతికి సుద్దపొడితో విశ్వేశ్వరరావు నిలబడి ఉన్నాడు. దశరథ గుమ్మంలోనే ఆగిపోయాడు. ఇద్దరూ ఒకరి చేతిలో ఫోన్‌ను మరొకరు చూశారు.

"పొద్దుగాల ఫోన్ చేసిన మర్యాద సారు మీరేనా?"

"నా మీద పోటీకొచ్చిన సేటు మీరా?"

అప్పుడే రామస్వామి ఫోన్ టింగుమంది. వెంటనే మళ్లీ టింగుమంది. చూసుకుని ఆయన తల పట్టుకున్నాడు. "ఇద్దరియి ఒక్క నిమిషంలనే పడ్డయి. గీ నెఫ్ట్ పైసలు అరగంటకోసారి మూట కట్టినట్టు ఒస్తయి. ముందెవరియి, ఎనకెవరియి అని నేనెట్ల చెప్పాలె? జర కొట్లాడకుండ్రి, కూసోని మాట్లాడుకుందాం."

వియ్యంకులిద్దరికీ కొట్లాడే ఓపిక లేదు. నవ్వు ఆపుకోలేక గోడకు ఆనుకున్నారు. వీళ్లకేమైందోనని భయపడి రామస్వామి మంచినీళ్లు పోశాడు. ఎందుకైనా మంచిదని రిజిస్టర్ తెరిచాడు. "పెండ్లికొడుకు పేరు?"

"అభిలాష్," అన్నారిద్దరూ.

"పెండ్లికూతురు?"

"భావన."

రామస్వామి ఒకసారి ఇటు, ఒకసారి అటు చూసి పెన్ను కింద పెట్టేశాడు.

"సున్నా సంగతి మా అమ్మాయే చెప్పిందా?" అడిగాడు విశ్వేశ్వరరావు.

"ఆమెనే. చెప్పి పడిపడి నవ్వింది."

"నవ్వదూ మరి? మీకన్నా పది నిమిషాల ముందు ఇదే చెక్కు ఫొటో చూసి నాకూ అదే చెప్పింది. ముప్ఫయ్యేళ్లు లెక్కలు చెప్పినవాణ్ణి బావగారూ, సున్నా గుర్తుపట్టలేక మూడుసార్లు ఓ కొట్టాను."

దశరథ కుర్చీలో కూలబడ్డాడు. కళ్లవెంట నీళ్లొచ్చేదాకా నవ్వాడు. ఒకరి అడ్వాన్స్ తిరిగి ఇచ్చేస్తానని రామస్వామి అన్నాడు గానీ ఇద్దరూ ససేమిరా అన్నారు. చివరికి మేనేజరే దారి చూపాడు: పెళ్లి మర్నాడు సాయంత్రం కూడా హాలు ఖాళీ, రిసెప్షన్ పెట్టుకోండి. ముహూర్తం విశ్వేశ్వరరావుది, రిసెప్షన్ దశరథది.

ఇద్దరూ ఖాళీ హాలు చూడడానికి వెళ్లారు. బరాత్‌కు డప్పులు మోగితే ఎలా ఉంటుందో చూద్దామని దశరథ గట్టిగా చప్పట్లు కొట్టాడు. హాలంతా మారుమోగింది. చూస్తుండగానే లెక్కల మాస్టారు చెప్పులు ఒక పక్కన విడిచి, పంచె ఎగ్గట్టినట్టు ప్యాంటు పైకి మడిచాడు.

"కొట్టండి బావగారూ, ఆపకండి," అన్నాడు.