టైగర్ ఎవరిని చూస్తోంది

పనీరుని శనగగింజలంత ముక్కలుగా కోస్తుంటే లక్ష్మీకుమారికి పొద్దున భర్త అన్న మాట గుర్తొచ్చింది. "కుక్కకి పనీరూ, నాకు ఎండు చపాతీలూనా? ఆదివారం లోపు దాని పిరికితనం వదలకపోతే ఎవరికైనా ఇచ్చి పారేస్తా." సదాశివరావు అన్నాడంటే చేస్తాడు. బదిలీ మీద పోతున్న స్నేహితుడి దగ్గర్నుంచి కుక్కని తెచ్చిందీ ఆయనే, టైగర్ అని పేరు పెట్టిందీ ఆయనే. తిండి, స్నానం, షికారు మాత్రం ఆవిడ వంతు. ఆ పులిగారు చీపురు కిందపడినా మంచం కింద దూరుతారు.

దానికి ధైర్యం నేర్పడానికి పక్కనే ఉన్న మునిర్కా నుంచి కస్తూరి వస్తోంది. చదువుకుంటూ కుక్కలకి శిక్షణ ఇచ్చే పిల్ల. ఊగే చెక్కపలక ఒకటి తెచ్చి హాల్లో పెట్టింది. తిట్టకూడదు, లాగకూడదు. ఒక్క కాలు పెట్టినా ఒక ముక్క ఇవ్వాలి, దిగిపోతానంటే దిగనివ్వాలి. అది విని లక్ష్మీకుమారికి మొదట నవ్వొచ్చింది, ఆ వెనకే ఏడుపొచ్చింది. పెళ్ళైన పందొమ్మిదేళ్ళలో దిగిపోతానంటే దిగనిచ్చిన పని ఒక్కటీ లేదు ఆవిడకి.

రెండు వారాల్లో టైగర్ నాలుగు కాళ్ళూ పలక మీద పెట్టి నిలబడటం నేర్చుకుంది. సాయంత్రం ఆరున్నరకి కారు హారన్ మోగితే మాత్రం దూకి పారిపోయేది. అదేమిటో చూద్దామని ఆ గురువారం కస్తూరి ఆ వేళదాకా ఉండిపోయింది.

హారన్ మోగింది. టైగర్ మంచం కిందికి పోయింది, లక్ష్మీకుమారి గేటు దగ్గరికి పరుగెత్తింది. రెండో హారన్ లోపు గేటు తెరుచుకోకపోతే "చెవుడొచ్చిందా?" అని ఆర్.కె. పురం క్వార్టర్సన్నీ వినేలా అడుగుతాడాయన.

మర్నాడు వస్తూనే కస్తూరి అంది. "ఆంటీ, ఏమనుకోకండి. నిన్న పక్కింటి భయ్యా ఎన్ని హారన్లు కొట్టినా టైగర్ కదల్లేదు. అంకుల్ హారన్ కొట్టినప్పుడు కూడా అది గేటు వైపు చూడలేదు. మీ మొహం చూసింది. మీ చేతిలో పనీరు నలిగి పిండైపోయింది. అప్పుడు దూకింది."

తను భయపడుతున్నట్టు లక్ష్మీకుమారికే తెలీదు. అలవాటనుకుంది, సంసారమంటే ఇంతే అనుకుంది. "మా ఆయన ఎప్పుడూ చెయ్యి చేసుకోలేదు" అని ఎంతమందికో గొప్పగా చెప్పుకుంది. ఇప్పుడా గొప్ప తలుచుకుంటే సిగ్గేసింది. చేత్తో ముద్ద పెడుతూనే ఈ మూగజీవానికి తన భయం కూడా తినిపించింది. రేపు పిరికిదని దీన్ని గెంటేస్తే ఆ పాపం ఎవరిది?

సాయంత్రం టైగర్‌ని పలకెక్కించి, పనీరు గిన్నెతో పక్కనే కూర్చుంది.

హారన్ మోగింది. మోకాళ్ళు వాటంతటవే లేవబోయాయి. వాటి మీద చేతులు గట్టిగా అదిమి అలాగే కూర్చుంది. పలక మీద నుంచి టైగర్ ఆవిడ మొహంలోకి చూసింది.

"పర్లేదు నాన్నా," అంది లక్ష్మీకుమారి. గిన్నెలోంచి తీసిన పనీరు ముక్క ఈసారి చేతిలో నలగలేదు.

రెండో హారన్. మూడోది. టైగర్ నాలుగు కాళ్ళూ పలక మీదే ఉన్నాయి. బయట కారు తలుపు విసురుగా తెరుచుకుంది, తర్వాత గేటు గొళ్ళెం చప్పుడైంది.

లక్ష్మీకుమారి ఒక ముక్క టైగర్‌కి పెట్టి, ఇంకో ముక్క తన నోట్లో వేసుకుంది.