ఎడమకు లాగిన కారు

శరత్కాల సాయంసమయము. వర్షధారలచే కడుగబడి నిర్మలనీలమై వెలయు గగనమునుండి అస్తాద్రిశిఖరోన్ముఖుడైన భానుని అరుణకిరణములు జీడితోటల శాఖాంతరాళములనుండి జాలువారి భీమిలినుండి విశాఖకుబోవు తీరమార్గమునకు కుంకుమవర్ణమును పూయుచుండెను. ఎడమప్రక్కన సముద్రము పాలుద్రావి నిదురించు పసిబిడ్డవలె నెమ్మదిగ ఊపిరి విడుచుచుండెను. ఆ మార్గమున తెల్లని పాత అద్దెకారొకటి ప్రయాణికులు లేక మెల్లమెల్లగ వచ్చుచుండెను.

దానిని నడుపు చిన్నంనాయుడు ముప్పదియేండ్లుగ చక్రము పట్టి బ్రదుకువాడు. అతని భార్య నూకరత్నము భీమిలిలో కుట్టుపని ముగించుకొని సాయంకాలములయందు ఆ కారుననే ఎడమవైపు ముందుసీటున గూర్చుండి వేరుసెనగకాయ లొలిచి తనకొకటియు మగనికి రెండును లెక్కగ పంచుచు ఇల్లు చేరెడిది. ఆమె గతించి పదునాలుగు మాసములయ్యెను. ఆమె అస్థికలను కలిపిన రేవుకడ నాటినుండి ప్రతిసాయంకాలమును అతడు కారును తడియిసుకలోనికి దింపి ఆమె కూర్చుండెడి ప్రక్క చక్రము అలలకు తగులునట్లు నిలిపి కొంతసేపు గూర్చుండెడివాడు. ఆమె ప్రక్కకు నీరు తగిలిన చాలునని అతని యాశ.

నాలుగుమాసములనుండి కారు ఎడమకు లాగజొచ్చెను. చేయి ఇంచుక సడలించినచాలు చేను మరిగిన ఎద్దువలె అటే మొగ్గుచుండెను. మరియొకడైన నాడే బాగుచేయువాని కడకు పరుగెత్తియుండును. చిన్నంనాయుడన్ననో రత్నమే ప్రక్కన గూర్చుండి చక్రమును సముద్రమువైపు లాగుచున్నదని తలచి లోలోన పొంగిపోయెను. భీమిలికి పోవునపుడు సముద్రము కుడివైపున నుండగా గూడ బండి ఎడమకే లాగుచుండెను గదా! దానికిని అతనికడ సమాధానము లేకపోలేదు. ఆమెకు జీడితోటలన్నను ప్రీతియే యట. వెఱ్ఱి వేయివిధములని పెద్దలు ఊరక అనలేదు.

ఆ సాయంకాలమున అతడట్టి స్వప్నావస్థయందే అరమోడ్పు కనులతో చక్రముపై చేతులు వదులుచేసి పోవుచుండ కారు త్రోవ విడిచి ఎడమయంచునకు దూసుకొనిపోయెను. అచ్చట శిరమున ఖాళీ చేపలగంప నిడుకొని ఒక స్త్రీ నడచుచుండెను. అతడు కన్నులు తెరచి బలముకొలది బ్రేకు తొక్కగా కారు ఆమెకు మూరెడు దూరమున ఆగెను. గంప దుమ్మున దొరలెను.

"కళ్ళు నెత్తికెక్కినాయేటి? ఇంటికాడ నా మొగుడు, పిల్లలు నా కోసరం సూస్తన్నారు!" అని ఆమె కేకలిడెను.

అతడు దిగి గంప నెత్తి ఆమె చేతికిచ్చెను. తన రత్నము కొఱకు మరియొకని రత్నమును పొట్టన బెట్టుకొనబోతినిగదా యని అతని గుండె చివుక్కుమనెను.

మరునాటి ఉదయమున అతడు కారును నూకరత్నము తమ్ముడైన దాలయ్య షెడ్డునకు తోలుకొనిపోయెను. దాలయ్య తొలుత చక్రములలోని గాలిని చూచెను. అంతయు సమానమే. పిమ్మట ముందు టైర్లను రెంటిని అటుదిటు ఇటుదటు మార్చి బిగించి "టైరుదే తప్పయితే లాగుడు కుడికి మారిపోద్ది బావా" అని బావను ప్రక్కన గూర్చుండబెట్టుకొని ఊరివెలుపలికి నడిపి తెచ్చెను. కారు ఎడమకే లాగెను. దిగినంతనే అతడు చక్రములచెంత అరచేయి యుంచి చూచెను. కుడిది చల్లగనే యుండెను. ఎడమది పొయ్యినుండి దింపిన పెనమువలె కాగుచుండెను. జాకీ పెట్టి లేపి త్రిప్పగా కుడిచక్రము అయిదుమారులు తిరిగెను. ఎడమచక్రము అరచుట్టయిన తిరుగక నిలిచిపోయెను.

విప్పిచూడ చక్రమును పట్టి విడువవలసిన బ్రేకు పట్టుటయేగాని విడుచుట మరచియుండెను. ఆ బ్రేకు ఇటునటు జరుగుటకు ఆధారమైన కడ్డీలు రెండును త్రుప్పుపట్టి వానిచుట్టును ఉప్పును సన్నని ఇసుకయు పేరుకొని యుండెను.

"రోజూ ఉప్పునీళ్ళలో దింపినావు. బ్రేకు అట్టుకున్నాది, ఒగ్గీనేదు" అనెను దాలయ్య.

చిన్నంనాయుడు ఆ కడ్డీమీది ఉప్పును వ్రేలితో తుడిచి చూచి "అయితే మీ అక్క లాగలేదేట్రా?" అని అడిగెను.

దాలయ్య చేతిలోని పనిముట్టు క్రింద బెట్టెను. "అక్కే కూకుంటే నిన్ను గట్టుదిగువకి లాగుద్దేటి బావా? సూసి తోలు, సూసి తోలు అని నీ సెవిలో పోరీది కదా!" అని మోచేతితో కన్నులు తుడుచుకొనెను.

అనంతరము దాలయ్య పాడయిన కడ్డీలను పారవైచి క్రొత్తవి యమర్చి గ్రీజు పూసి అన్నియు బిగించి త్రిప్పెను. ఎడమచక్రమును అయిదుమారులు తిరిగెను. ఆ తిరుగు ఒక్కొక్క చుట్టునకు ఆమె ఒక్కొక్క యడుగు దూరమగుచున్నట్లు చిన్నంనాయునికి తోచెను. అయినను అతడు చాలుననలేదు.

ఆ సాయంకాలము మరల భీమిలినుండి వట్టిబండితో మరలుచు అతడు నిర్జనమైన చోట చక్రముపై పట్టు ఒక్క క్షణము సడలించెను. కారు దారము పట్టి గీచినట్లు తిన్నగ బోయెను. చక్రమును గట్టిగ పట్టుకొని అతడు ఎడమసీటువంక చూచెను. అది ఖాళీగ నుండెను. పదునాలుగు మాసములకు నాడు మొదటిసారి అది అతనికి ఖాళీగ కనబడెను. అతడు కారును ప్రక్కన నిలిపి వెక్కివెక్కి ఏడ్చెను.

రేవుత్రోవ వచ్చెను. కారు దానిని అడుగలేదు, అటు మొగ్గలేదు. చిన్నంనాయుడే తన రెండుచేతులతో చక్రమును ఎడమకు త్రిప్పి గట్టుమీది పొడినేలపై నిలిపి చెప్పులు విడిచి వేరుసెనగకాయల పొట్లముతో ఇసుకలోనికి దిగెను. ఇన్నినాళ్ళును బండి తన్ను తెచ్చుచున్నదనుకొనెను. నాడు తానై వచ్చెను. నీటియంచున గూర్చుండి కాయలొలిచి ఒకటి తాను తిని రెండు అలకు విడిచెను. అల వచ్చి అతని పాదములను తడిపి ఆ రెంటిని కొనిపోయెను.