జిడ్డు వెనక్కి చూసే అలవాటు

కుక్కల మాస్టారికి తన వృత్తి మీద ఉన్న గౌరవం అంతా ఇంతా కాదు. ఎవరైనా పొరపాటున 'మీరు కుక్కల్ని ఆడిస్తారట కదా' అంటే ముఖం గంటు పెట్టుకుని, ఆడించడం కాదండీ, శిక్షణ, అని సరిదిద్దేవాడు. ఇరవై రెండేళ్ల అనుభవం మరి. కరిచేవి, ఊరికే మొరిగేవి, సోఫాలు కొరికేవి, యజమానుల్నే సోఫా ఎక్కనివ్వనివి, అన్నీ ఆయన చేతిలో దారికొచ్చాయి. ఇంట్లో భార్య ఒక్కతే ఆ జాబితాలో లేదు. అక్కడ ఆయన ప్రయత్నించనూ లేదు, ఆ మాత్రం తెలివి ఆయనకుంది.

ఆయనకు సొంతంగా రెండు కుక్కలు. పెద్దదానికి పన్నెండేళ్లు. మూతి తెల్లబడ్డప్పటి నుంచి దాన్ని అందరూ బామ్మ అనే పిలుస్తున్నారు. చిన్నదానికి రెండేళ్లు. బామ్మని క్షణం వదలకుండా అంటుకుని తిరుగుతుంది కాబట్టి మాస్టారి భార్య దానికి జిడ్డు అని పేరు పెట్టింది. రెంటిలో బామ్మ ఆయన పరువు, జిడ్డు ఆ పరువుకి పట్టిన తెగులు.

ప్రతి ఆదివారం పొద్దున వీధి చివరి మైదానంలో క్లాసు. జనం తమ తమ కుక్కల్ని పట్టుకుని వరసగా నిలబడేవారు. మాస్టారు తన రెంటినీ ముందు నిలబెట్టి, చేతులు వెనక్కి కట్టుకుని, పెదవి కదిపీ కదపకుండా 'కూర్చో' అనేవాడు. అరిస్తే వినేది కుక్క కాదండీ, గుసగుసగా చెప్పినా వినాలి, అదీ శిక్షణంటే, అని ఒక ఉపన్యాసం. బామ్మ ఠంచనుగా కూర్చునేది. జిడ్డుకి మాత్రం ఒక దరిద్రపు అలవాటు. మాట చెవిన పడగానే మాస్టారి వైపు కాకుండా వెనకున్న బామ్మ వైపు తిరిగేది. బామ్మ తనని చూసేదాకా ఆగి, అప్పుడు కూర్చునేది. రెండూ ఒకేసారి కూర్చునేవి. పెద్దది తన మాట విన్నదనీ, చిన్నది పెద్దదాన్ని చూసి కాపీ కొట్టిందనీ మాస్టారు తేల్చేశాడు.

ఆయన ప్రతి కుక్కకీ ఒక నోటుపుస్తకం పెట్టేవాడు. జిడ్డు పుస్తకంలో ఎనిమిది నెలలుగా ఒకటే మాట: పిలిస్తే వెనక్కి చూస్తుంది, శ్రద్ధ లేదు. బిస్కెట్లు పెట్టి చూశాడు, గడ్డం పట్టుకుని ముఖం తన వైపు తిప్పి చూశాడు, కసిరాడు. ఒంటరిగా తీసుకెళ్లినా అది ఇంటి గేటు వైపే చూసేది. శిక్షకుడి ఇంట్లోనే ఇలాంటిది ఉంటే నలుగురూ నవ్వరా అని ఆయన బాధ. అందుకే, లైబ్రరీలో పనిచేసి రిటైరైన మేడమ్ ఒకావిడ, తన అక్క పోయాక ఇల్లు బావురుమంటోందనీ, తోడుగా నెమ్మదైన కుక్కని చూడమని అడిగితే, ఆలోచించకుండా జిడ్డుని ఇస్తానని మాటిచ్చేశాడు.

ఆ రెండూ విడిగా ఉండలేవని భార్య అంది. కుక్కలకి మనలాంటి సెంటిమెంట్లు ఉండవనీ, పది రోజుల్లో మరిచిపోతాయనీ ఆయన అరగంట సేపు వివరించాడు. ఆవిడ బఠానీలు ఒలుచుకుంటూ మొత్తం విని, కుక్కల సంగతి మీకు తెలిసినట్టు ఇంకెవరికి తెలుస్తుందిలెండి అని లేచి వెళ్లిపోయింది. ఆయన దాన్ని మెప్పుగా తీసుకున్నాడు.

శనివారం మేడమ్ వచ్చి జిడ్డుని తీసుకెళ్లింది. బామ్మ గేటు దగ్గర పడుకుంది. అన్నం ముట్టలేదు. పిలిస్తే తల ఎత్తలేదు. అది అలక అనీ, పట్టించుకోకపోవడమే మందు అనీ మాస్టారు నిర్ధారించాడు.

ఆదివారం క్లాసులో బామ్మ ఒక్కతే. మాస్టారు చేతులు వెనక్కి కట్టుకుని గుసగుసగా 'కూర్చో' అన్నాడు. బామ్మ నిలబడే ఉంది. కొంచెం గట్టిగా అన్నాడు. నిలబడే ఉంది. ఒళ్లు మండి మైదానం దద్దరిల్లేలా అరిచాడు. పద్నాలుగు కుక్కలు ఠక్కున కూర్చున్నాయి. ఒకాయన తానూ కూర్చోబోయి సర్దుకున్నాడు. బామ్మ మాత్రం గడ్డి వాసన చూసుకుంటూ రోడ్డు మీదికి నడిచింది.

అక్కడ నీళ్ల ట్యాంకరు హారన్ మోగిస్తూ వెనక్కి వస్తోంది. మాస్టారు 'ఆగు' అని కేకలు పెడుతూ పరుగెత్తాడు. బామ్మ ఆగలేదు. డ్రైవరు అద్దంలో చూసుకుని బ్రేకు వేశాడు కాబట్టి సరిపోయింది. మాస్టారు వెనక నుంచి పట్టుకోగానే బామ్మ ఉలిక్కిపడి, ఆయన్ని చూసి తోక ఊపింది. మంచినీళ్లు తెచ్చిన ఆయన భార్య వచ్చి, దాని తల వెనక రెండు స్టీలు గ్లాసులు ఒకదానికొకటి కొట్టింది. పక్కన నిలబడ్డవాళ్లు చెవులు మూసుకున్నారు. బామ్మ చెవి కదల్లేదు.

పశువుల డాక్టరు చూసి, బొత్తిగా వినపడదనీ, ఏడాది పైనే అయి ఉంటుందనీ చెప్పాడు. మీరు గమనించలేదా అని అడిగాడు. మాస్టారికి భూమి విచ్చుకుంటే బాగుండుననిపించింది.

ఇంటికొచ్చి జిడ్డు పుస్తకం తెరిచాడు. పిలిస్తే వెనక్కి చూస్తుంది. పిలిస్తే వెనక్కి చూస్తుంది. పేజీలకి పేజీలు తన చేతిరాతే. ఆ పిచ్చిది మాట విని, ముసలిదానికి అది వినపడలేదని తెలిసి, వెనక్కి తిరిగి ఇదిగో ఇలా అని చూపించి కూర్చునేది. తను చేస్తున్న పనిని తనకంటే బాగా చేస్తున్నందుకు దాన్ని ఎనిమిది నెలలు కసిరాడు. పైగా ఇంట్లోంచి పంపేశాడు. మాస్టారికి ఏడుపొచ్చింది. భార్య చూడకుండా ఏడుద్దామనుకున్నాడు గానీ, ఆవిడ చూసింది.

ఇచ్చిన కుక్కని వెనక్కి అడగడం ఆయన జీవితంలో లేదు. ఆ సాయంత్రం మేడమ్ ఇల్లు చేరేలోపు మూడు అబద్ధాలు తయారుచేసుకున్నాడు. ఆవిడ తలుపు తీసింది. లోపల కొత్త పరుపు, కొత్త గిన్నె, వాటికి దూరంగా గుమ్మం పక్కన జిడ్డు.

"మంచివాడేనండీ. కానీ పిలిస్తే ముందు తలుపు వైపు చూస్తున్నాడు. అక్కడెవరో ఉన్నట్టు" అంది ఆవిడ.

మూడు అబద్ధాలూ వదిలేసి మాస్టారు నిజం చెప్పేశాడు.

"ఉందండీ, మా బామ్మ. దానికి ఏడాదిగా చెవులు పనిచేయట్లేదు. వీడికి తెలుసు. నాకే తెలీదు. వీణ్ని నాకిచ్చేయండి మేడమ్, అది అన్నం తినట్లేదు."

మీకు ఇరవై రెండేళ్ల అనుభవమన్నారు కదా అంది ఆవిడ. అవునండీ అన్నాడు. ఆవిడ లోపలికెళ్లి గొలుసు తెచ్చింది. వేరే కుక్కని చూస్తానని ఆయనంటే, తొందరేం లేదంది.

"నిన్ననేగా వచ్చాడు. అప్పుడే వాడితో మాట్లాడ్డం మొదలుపెట్టాను. ఆ అలవాటు కొంచెం తగ్గాక చూద్దాం."

అంటూ గొలుసు చేతికిచ్చి, జిడ్డు తల నిమిరి, తలుపు వేసుకుంది. మాస్టారు జిడ్డుని పట్టుకుని మెట్లు దిగాడు. ఒకళ్ల కడుపు నింపడానికి ఇంకొకళ్ల ఇల్లు ఖాళీ చేశానే అని ఆయనకి తల తీసేసినట్టయింది. వచ్చే ఆదివారం ఆవిణ్ని క్లాసుకి పిలవాలనీ, అందరి ముందూ తన ఘనకార్యం తనే చెప్పాలనీ అనుకున్నాడు.

ఇంటి గేటు తీసేసరికి బామ్మ వరండాలో గోడ వైపు ముఖం పెట్టి పడుకుని ఉంది. జిడ్డు గొలుసు విదిలించుకుని పరుగెత్తింది. మొరగలేదు. వెనక నుంచి మీద పడలేదు. దగ్గరికొచ్చాక వేగం తగ్గించి, దూరంగా చుట్టు తిరిగి, గోడకీ బామ్మ ముఖానికీ మధ్య ఉన్న కాస్త సందులో ఇరుక్కుని కూర్చుని, అది కళ్లు తెరిచేదాకా ఆగింది.

వెనక నుంచి బామ్మ వీపు నిమరబోతున్న మాస్టారు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఆయన కూడా చుట్టు తిరిగి వచ్చి, బొజ్జ అడ్డమొస్తున్నా గోడ వారగా చతికిలబడ్డాడు. బామ్మ కళ్లు తెరిచింది. జిడ్డు ముఖమంతా బామ్మ నాకి, దాని మెడ మీద తల పెట్టుకుంది. చాలాసేపటికి మాస్టారి వైపు చూసి తోక ఒక్కసారి కదిపింది. అదే పదివేలనుకున్నాడు ఆయన.