రెండో బేరం

నర్సీపట్నంలో పుస్తకాలు అచ్చేసి బతుకుతానన్న మనిషిని చూసి ఊళ్ళో సగంమంది జాలిపడ్డారు, మిగిలిన సగం నవ్వుకున్నారు. సూర్యనారాయణమూర్తి రెండింటికీ అలవాటు పడ్డాడు. అబీద్ సెంటర్ వెనక సందులో ముందుగది ఆఫీసు, వెనకగది కాపురం. తొంభై నాలుగులో ఆ ఇంటికి 'తాండవ ప్రచురణలు' అని బోర్డు కడుతుంటే ఎదురింటి కిరాణా ఆసామి తలెత్తి చదివి, "పుస్తకాలతోపాటు అప్పడాలు కూడా పెట్టకూడదాండీ, ఓ మాదిరిగా పోతాయి" అని సలహా ఇచ్చాడు. మూర్తి భార్య రాజేశ్వరి లోపలినుంచి విని, "ముందు పుస్తకాలు అమ్ముడవనివ్వండి, మిగిలిపోయినవి మీ పొట్లాలకే ఇస్తాం" అంది. ఆవిడ నోటికి భయపడే ఆ సందులో చాలామంది నవ్వు లోపలే దాచుకున్నారు.

రాజేశ్వరి నక్కపల్లి అవతల సముద్రపొడ్డున ఉన్న ఓ పల్లెలో పంతులమ్మ. రోజూ బస్సు మీద పోయి రావాలి. అదే పల్లెనుంచి కొండలమ్మ చేపలగంప ఎత్తుకుని నర్సీపట్నం వచ్చేది. ఈవిడ అటు, ఆవిడ ఇటు. అడ్డురోడ్డులో రెండు బస్సులూ ఆగినప్పుడు కిటికీల్లోంచి పలకరించుకునేవారు. బడి వదిలాక రాజేశ్వరి ఓ బస్సు వదిలేసుకుని ఇసుకలో కూర్చునేది. వేటకెళ్ళిన పడవలు తిరిగొచ్చేదాకా ఆడవాళ్ళు భయం పోవడానికి కథలు చెప్పుకునేవారు. ఆవిడ వాటిని వినేది.

మొదటి పుస్తకం కట్టలు విశాఖపట్నం ప్రెస్సునుంచి బస్సులో వచ్చి, రిక్షాలో ఇంటిముందు దిగిన పొద్దున కొండలమ్మ గంపతో గుమ్మంలోనే ఉంది. మూర్తి కట్టలు లోపలికి మోయబోతే ఆపేసింది.

"ఆగు బాబూ. బోణీ కాకుండా సరుకు లోపలెడతారేటి?"

గంపలోంచి గుప్పెడు నెత్తళ్ళు తీసి గిన్నెలో పోసి, పై పుస్తకం ఒకటి చేతిలోకి తీసుకుంది. అక్షరం ముక్క రాని మనిషి పుస్తకం కొంటుంటే మూర్తికి నవ్వొచ్చింది. రాజేశ్వరికి రాలేదు. వంటింట్లోకి వెళ్ళి బొటనవేలు పసుపులో ముంచుకొచ్చి, ఆ పుస్తకం మొదటి పేజీ మీద గుమ్మానికి బొట్టు పెట్టినట్టు అద్ది ఇచ్చింది. ఆ పుస్తకం ఏడాది తిరక్కుండా చెల్లిపోయింది. కొండలమ్మ చెయ్యి మంచిదన్నారు. ఆనాటినుంచి తాండవ వాళ్ళు ఏ పుస్తకం వేసినా తొలి బేరం ఆవిడదే, ధర గుప్పెడు నెత్తళ్ళే, పసుపు వేలిముద్ర రాజేశ్వరిదే.

తొంభై ఎనిమిదిలో రాజేశ్వరి పుస్తకమే వచ్చింది. ఒడ్డున విన్న కథలన్నీ రాసి 'వేట పడవలొచ్చేదాకా' అని పేరు పెట్టింది. దాన్ని పోస్టులో తెప్పించుకున్నవాళ్ళు మనియార్డరు ఫారం అడుగున ఉన్న కాస్త జాగాలోనే రెండు ముక్కలు రాసేవారు. పార్వతీపురం కాంపౌండరు ఒకాయన, మా అమ్మకి చదివి వినిపిస్తే రెండురోజులు ఎవరితోనూ మాట్లాడలేదు, ఇంకో కాపీ పంపండి, అని రాశాడు. రాత్రి అన్నాల దగ్గర రాజేశ్వరి వాటిని పైకి చదివేది. పొట్లం కట్టడం, పేర్లు గుర్తుంచుకోవడం ఆవిడ వాటా. కొన్నవాళ్ళ అడ్రసు కార్డుల పెట్టె వెతికి, పొట్లం మీద అడ్రసు రాయడం అతని వాటా. ఫలానా ఆయనకి ఫలానా పుస్తకం నచ్చుతుందని ఆవిడ చెబితే గురి తప్పేది కాదు.

రెండువేల మూడులో రాజేశ్వరి గుండెజబ్బుతో పోయింది. పిల్లలు లేరు. మూర్తి అన్నం ఒక పూట వండుకుని రెండు పూటలు తినడం నేర్చుకున్నాడు. నేర్చుకోనిది ఒక్కటే, తింటూ ఎవరితోనూ మాట్లాడకుండా ఉండడం. ఖాళీ పీట వైపు చూసి, "కాంపౌండరు గారి పేరేమిటే?" అని అడిగేసేవాడు. అడిగాక కంచంలోనే చెయ్యి కడిగేసుకునేవాడు.

రెండువేల ఆరులో హైదరాబాదునుంచి ఉదయ్‌కుమార్ అనే కుర్రాయన ఫోన్ చేశాడు. కొత్తగా ప్రెస్సు పెట్టాడట. వెయ్యి కాపీలు వేసి చెదలకి పెట్టే రోజులు పోయాయన్నాడు.

"ఎవరైనా అడిగినప్పుడే ఒక్క కాపీ వేస్తాం సార్. ఇంటర్నెట్టులో పెద్ద కొట్టు ఉంది, ప్రపంచమంతా అందులోనే కొంటోంది. అక్కడ మీ పుస్తకం పెడతాం. ఎవరైనా బటన్ నొక్కితే ఇక్కడ అచ్చయి వాళ్ళింటికి పోతుంది. మీ పుస్తకం ఇంక ఎప్పటికీ అయిపోదు."

ఎప్పటికీ అయిపోదు. భార్య పోయిన మనిషికి ఆ మాట ఎక్కడ తగులుతుందో ఆ కుర్రాయనకేం తెలుసు. మూర్తి తన దగ్గరున్న ఒకే ఒక మంచి కాపీ పంపేశాడు. వాళ్ళు వీపు కోసి, పేజీలు విడదీసి, కంప్యూటరులోకి ఎక్కించుకున్నారు. చెద పట్టిన పాత కట్టలు, వాటితోపాటు అడ్రసు కార్డుల పెట్టె, పాతకాగితాలవాడికి వేసేశాడు. ఇంక పొట్లాలే కట్టనివాడికి అడ్రసులెందుకు? ఇల్లు విశాలమైంది. అతనికి అది తెలివైన పనిలాగే కనిపించింది.

బండి మీదికి పెట్టె ఎక్కుతుంటే కొండలమ్మ వచ్చింది. అప్పటికే మోకాళ్ళు పట్టేసి ఎప్పుడో ఒకసారి వస్తోంది.

"పంతులమ్మ బుక్కు మళ్ళీ ఏత్తన్నావంట. బోణీ ఏదీ?"

"ఈసారి పుస్తకం ఇక్కడికి రాదు కొండలమ్మా. కొన్నవాళ్ళింటికే పోతుంది."

"ముందరగా కొన్నోలు ఎవలు?"

"నాకూ తెలీదు. కొట్టువాళ్ళు చెప్పరు."

కొండలమ్మ గంప నెత్తికెత్తుకుంటూ అతన్ని ఎగాదిగా చూసింది. "బోణీ ఎవలు సేసారో తెల్దంటే, అదేటి యేపారం బాబూ?"

మూర్తి నవ్వేశాడు. పాతకాలపు మనిషి అనుకున్నాడు.

పుస్తకం నిజంగానే కదిలింది. కొట్టు పేజీలో రాజేశ్వరి పేరు, అట్ట బొమ్మ, పక్కన పసుపుపచ్చ బటన్. ఎన్ని కాపీలు పోయాయో అంకె మాత్రం మూర్తికి కనిపించేది. సాయంత్రం కంచం తెచ్చుకుని, దానికోసమే కొనుక్కున్న కంప్యూటరు ముందే తినేవాడు. ఏడు ఎనిమిదైతే, ఆ ఎనిమిదో మనిషి ఎవరా అని చెయ్యి ఎండేదాకా ఆలోచించేవాడు. ఏ ఊరు, ఎవరికి చదివి వినిపిస్తున్నారు, ఏ కథ దగ్గర ఆగారు. ఒకసారి ఉండబట్టలేక కొట్టువాళ్ళకి రాశాడు. కొన్నవాళ్ళ వివరాలు ఇవ్వడం కుదరదని ఇంగ్లీషులో జవాబొచ్చింది. మంచి మర్యాదగానే రాశారు. ఎవరూ మనియార్డరు ఫారం మీద రెండు ముక్కలు రాయరు. మూర్తికి పాఠకులున్నారు, మనుషులు లేరు.

రెండువేల ఎనిమిది వేసవిలో ఒక సాయంత్రం పేజీ తెరిస్తే పేరుంది, బొమ్మ ఉంది, బటన్ లేదు. ప్రస్తుతం దొరకదు, అని ఉంది. తన కంప్యూటరుకే ఏదో అయిందనుకుని ఇంటర్నెట్ సెంటరుకి వెళ్ళి చూశాడు. అక్కడా లేదు. ఉదయ్‌కుమార్‌కి ఫోన్ చేశాడు.

"వాళ్ళే సొంత ప్రెస్సు పెట్టుకున్నారు సార్," అన్నాడతను నీరసంగా. "వాళ్ళ ప్రెస్సులో అచ్చయినవాటికే బటన్ ఉంచుతారట. మాలాంటోళ్ళం వేసేవన్నీ తీసేశారు."

చేపల బజారులో ఇలాంటి పని చేస్తే ఒప్పుకుంటారా? నీ గంప పెట్టుకో అని అరుగు చూపించి, బేరాలన్నీ ఆ అరుగుకి అలవాటయ్యాక, నా వలలో పడిన చేపైతేనే ఇక్కడ అమ్మాలంటే ఆడవాళ్ళు కొంగు బిగించి దులిపేస్తారు. ఈ కొట్టుకి అరుగూ లేదు, నిలదీయడానికి మనిషీ లేడు. దసరా వెళ్ళేసరికి ఉదయ్‌కుమార్ ప్రెస్సు మూతపడింది. కంప్యూటర్లు ఎవరో పట్టుకుపోయారు. రాజేశ్వరి పేజీలు వాటిలోనే పోయాయి. తర్వాత ఆ నంబరు మోగడం కూడా మానేసింది.

కొట్టువాళ్ళ ప్రెస్సుకే ఇద్దామని మూర్తి వాళ్ళ షరతులు తెరిచి చదివాడు. అచ్చు పుస్తకమే పంపాలి, జిరాక్సు పనికిరాదు. కాపీ కోసి వాడుకుంటారు, తిరిగి పంపరు. ఆ పుస్తకం ఇంకెక్కడా అమ్మకూడదు. సరే అనుకున్నాడు. బటన్ వస్తే చాలు, ఆవిడ పుస్తకం మళ్ళీ ఎవరో ఒకరి చేతిలోకి పోతే చాలు. పంపుదామంటే ఇంట్లో ఒక్క కాపీ లేదు. అచ్చేసినవాడి ఇంట్లో లేదు, రాసినావిడ ఇంట్లో లేదు. ఆ రోజు మూర్తి ఖాళీ అరల ముందు కూర్చుని ఏడ్చాడు.

ఏడుపు మధ్యలో నెత్తళ్ళ గిన్నె గుర్తొచ్చింది.

మర్నాడు బస్సెక్కి నక్కపల్లిలో దిగి, ఆటోలో ఒడ్డుకి వెళ్ళాడు. కొండలమ్మ గుమ్మంలో కాళ్ళు చాపుకుని ఉంది. వచ్చిన పని విని లోపలికి కేకేసింది. కోడలు లోవలక్ష్మి రేకుపెట్టె ఈడ్చుకొచ్చింది. పాత చీరలో చుట్టిన మూట విప్పితే తాండవ వాళ్ళు వేసిన పుస్తకాలన్నీ ఉన్నాయి. ప్రతిదాని తొలి కాపీ. కలరా ఉండల వాసన, దానికింద ఎండుచేపల వాసన.

"సదవడం రాదు గానీ, బోణీ సేసిన సరుకు పారెయ్యకూడదు గదా. ఏ బుక్కు కావాలో తీసుకో బాబూ."

"తీసుకుంటే తిరిగి రాదు కొండలమ్మా. వాళ్ళు కోసేస్తారు."

ఆవిడ మూట అతని వైపు తోసింది. "పంతులమ్మ బుక్కు పదిమందీ సదువుతారంటే కొయ్యనీ. నా కాడుండి ఏటి సేత్తాది?"

అంత సులువుగా ఇచ్చేసింది. మూర్తి పుస్తకం సంచిలో పెట్టుకుని బస్సెక్కాడు. అడ్డురోడ్డులో బస్సు ఆగింది. పక్కనే ఎదురు బస్సు, కిటికీల్లో ఎవరెవరివో ముఖాలు. సంచిలోంచి పుస్తకం తీసి మొదటి పేజీ తిప్పాడు. పసుపు వెలిసిపోలేదు. రాజేశ్వరి బొటనవేలి గీతలు, చిన్నప్పుడు కత్తిపీట తెగిన అడ్డగాటు, అన్నీ ఉన్నాయి. ఫొటోల్లో ఆవిడ ముఖం ఉంది గానీ చెయ్యి ఎక్కడుంది? ఇక్కడుంది. ఎదురు బస్సు కదిలిపోయింది. కోయడానికి దీన్ని పంపలేనని అతనికి అర్థమైంది. బటన్ పోతే పోయింది.

నర్సీపట్నంలో దిగి తిన్నగా జిరాక్సు షాపుకి వెళ్ళాడు. పుస్తకం వీపు విరగకూడదని షాపతని ప్రాణం తోడేస్తూ, ఒక్కో పేజీ తనే పట్టుకుని తీయించాడు. అలాంటివి ఓ పాతిక సెట్లు తీయించి, అట్ట వేసి కుట్టించాడు. అక్షరాలు కొంచెం మసకే. చదవడానికి మాత్రం ఇబ్బంది లేదు.

బైండింగు పూర్తయిన మర్నాడే ఓ కాపీ, దాంతోపాటు అసలు పుస్తకం పట్టుకుని మళ్ళీ ఒడ్డుకి వెళ్ళాడు. అసలుది చీరమూటలో పెట్టించాడు. కొండలమ్మ కొత్తదాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, మొదటి పేజీ తెరిచి అతని ముందు పెట్టింది.

"పసుపు?"

"రాజేశ్వరి లేదు కదా కొండలమ్మా."

"నువ్వున్నావు గదా. బొట్టెట్టు."

లోవలక్ష్మి పసుపు గిన్నె తెచ్చింది. మూర్తి వేలు ముంచి అద్దాడు. కొండలమ్మ కోడలిచేత గుప్పెడు నెత్తళ్ళు ఆకులో కట్టించి అతని చేతిలో పెట్టింది.

"బోణీ అయిపోనాది. బేగెల్లు బాబూ, బేరాలు పోతాయి."

మధ్యాహ్నానికి ఇంటికి చేరాడు. ముందుగది తలుపులు రెండూ బార్లా తీశాడు. నెత్తళ్ళు వేయించుకుని తిన్నాడు. చాలా రోజులకి ఆకలేసింది. చెయ్యి కడుక్కుని బల్ల ముందు కూర్చుని, రాజేశ్వరి కట్టినట్టే మూలలు మడిచి, దారం నాలుగు వైపులా తిప్పి, ఒక పుస్తకం పొట్లం కట్టాడు. ఎదురుగా కంప్యూటరులో పేజీ తెరిచే ఉంది. బటన్ లేదు. పోయిన కాపీల అంకె నలభై ఒకటి దగ్గర ఆగిపోయింది. ఎక్కడో నలభై ఒక్క ఇళ్ళలో రాజేశ్వరి ఉంది. ఆ ఇళ్ళేవో కొట్టుకి తెలుసు. అంతకుముందు ఇళ్ళేవో పాతకాగితాలవాడితో పోయిన పెట్టెకి తెలుసు.

పొట్లం దగ్గరకి లాక్కుని, కలం తీసి, ఎప్పటిలాగే కుడివైపు కింద 'శ్రీయుత' అని రాశాడు. పేరు కోసం అలవాటుగా వెనకగది తలుపు వైపు తిరిగి, "ఎవరికే?" అన్నాడు.

ఎత్తని కలం కింద, 'శ్రీయుత' పక్కన, సిరా చుక్క పెద్దదవుతూ పోయింది.