నాలుక కింది పొర

సుజనకు పాలు లేవని లాల్‌దర్వాజాలోని ఆ గల్లీ అంతా తేల్చేసింది, ఆమె అత్త నీలమ్మ తప్ప. ప్రసూతి వార్డులో ఇరవై ఎనిమిదేళ్లు ఆయాగా చేసిన మనిషి నీలమ్మ. కోడలి రవిక పాలతో తడిసిపోతుంటే పాలు లేవన్న మాట ఎలా నమ్ముతుంది?

పిల్ల పుట్టి పద్దెనిమిది రోజులు. రొమ్ము పట్టిస్తే టక్ టక్‌మని చప్పుడు చేస్తూ పట్టు వదిలేస్తుంది. మళ్లీ వెతుక్కుంటుంది. అలసిపోయి కునుకు తీసి పావుగంటకే ఆకలితో లేస్తుంది. పుట్టాక తగ్గిన బరువే ఇంకా తిరిగి రాలేదు. సుజనకేమో చనుమొనలు పగిలి నెత్తురు.

"డబ్బాపాలు పట్టుదాం అత్తమ్మా, నాతోని అయితలేదు," అని ఆ పొద్దున ఏడ్చేసింది.

"అవసరముంటే పట్టుదాం, తప్పేం లేదు. ముందుగాల నన్ను జూడనియ్యి."

నీలమ్మ చేతులు కడుక్కుని పిల్లను కిటికీ దగ్గరికి తీసుకెళ్లింది. పిల్ల కేరుమంది. నోరు అంత తెరిచినా నాలుక పైకి లేవలేదు. కొన మధ్యలో నొక్కు, కింద బిగిసిన తెల్లటి పొర.

"గిదీ సంగతి. నీ తప్పేం లేదు బిడ్డా. దీని నాలికె అంటుకొనున్నది."

పక్కింటి ఆండాలు తొంగిచూసి, "గింత దానికి ఫికరెందుకు? మా అమ్మమ్మ గోరుతోనే చీరేస్తుండె," అంది.

"గట్ల చీరిన పిల్లగాడు నెత్తురు కారుకుంట వార్డుకొస్తే ఎత్తుకొని ఉరికింది నేనే. ఆ మాట మళ్ల ఎత్తకు," అంది నీలమ్మ.

కొడుకు వెస్లీ కంచన్‌బాగ్‌లో డ్యూటీకి సగంపూట సెలవు పెట్టాడు. ముగ్గురూ పిల్లతో ఆటోలో సంతోష్‌నగర్‌లోని పిల్లల డాక్టరు దగ్గరికి వెళ్లారు.

డాక్టర్ సుచరిత వెంటనే కత్తెర తియ్యలేదు. "ముందు పాలివ్వమ్మా, చూస్తాను," అంది. పిల్లను పట్టుకునే తీరు సరిచేసింది. నొప్పి కాస్త తగ్గింది కానీ చప్పుడు పోలేదు. అప్పుడు తొడుగు వేసుకున్న వేలిని నాలుక కింద పెట్టి చూసింది.

"పొర బాగా బిగుతుగా ఉంది. కట్ చేస్తేనే మంచిది."

"పై పెదవి కింద గూడ ఒక పొర ఉన్నది గదమ్మా?" అంది నీలమ్మ.

"అది అందరు పిల్లలకీ ఉంటుందండీ. దాన్ని ముట్టుకోను."

అక్కర్లేనిది కొయ్యనంటున్న ఆమె మీద నీలమ్మకు గురి కుదిరింది.

"ఇంట్లో ఇంకెవరికైనా ఇలా ఉందా?"

వెస్లీ నాలుక చాపాడు. అది పెదవి కూడా దాటలేదు.

నీలమ్మ కొడుకు నోటి వంకే చూస్తూ ఉండిపోయింది. ఆయా పని దొరకక ముందు పుట్టినవాడు వీడు. రొమ్ము దగ్గర గుక్కపట్టి ఏడిస్తే, 'ఎండిన రొమ్ము' అని తన అత్త అన్నది. ముప్ఫై రెండేళ్లుగా అదే నిజమనుకుంది.

"నాకు గూడ పాలుండె," అంది, తనలో తనే.

సుజన ఆమె చెయ్యి పట్టుకుంది.

"మరి నాకు గూడ కట్ చేస్తరా మేడమ్?" అన్నాడు వెస్లీ బెదురుగా.

"తినడానికి, మాట్లాడడానికి ఇబ్బందేమైనా ఉందా?"

"మాటలకైతే అస్సలు లేదు మేడమ్," అంది సుజన.

"అయితే అలాగే ఉండనివ్వండి." డాక్టరు నవ్వింది.

నెత్తురు గడ్డకట్టడానికి పుట్టగానే ఇచ్చే విటమిన్ కె సూది వేశారని కాగితాల్లో చూసుకుని, పిల్లను బట్టలో చుట్టించింది. తల కదలకుండా నీలమ్మ పట్టుకుంది. ఒక్క కత్తిరింపు. దూదికి రెండు చుక్కల నెత్తురు అంటింది. పిల్ల ఏడుపు అందుకునేలోపే తల్లి ఒడిలో ఉంది.

ఇంటికొచ్చాక అంతా ఒక్కసారిగా మారిపోలేదు. రెండు రోజులు ఆ చప్పుడు వస్తూనే ఉంది. సుజన దిగులుగా చూస్తే, "దానికి కొత్త గదా, నేర్చుకోనియ్యి," అంది నీలమ్మ. మూడో రోజు పిల్ల గుటకలు వేస్తూ తాగింది. సుజనకు నొప్పి అనిపించలేదు. పది రోజులకు పిల్ల మూడు వందల గ్రాములు పెరిగింది.

ఆ మధ్యాహ్నం తల్లీబిడ్డా మూడు గంటలు ఏకధాటిగా నిద్రపోయారు. నీలమ్మ తలుపు దగ్గరగా వేసి, ఎవరూ లొల్లి చెయ్యకుండా గడపలో కూర్చుంది.