కెమెరా కంటి మీద బొట్టుబిళ్ల

నేను ఒక బొట్టుబిళ్లను. మెరూన్ రంగు మఖమలు ఒళ్లు, బొటనవేలి గోరంత సైజు, వెనకాల కాస్త జిగురు. రాళ్లూ ముత్యాలూ ఏమీ లేవు. నాకు పేరు కూడా లేదు, అట్ట మీద ఒక నంబరు మాత్రం ఉండేది. అయినా పొగరుకు లోటు లేదు. ఆడవాళ్ల ముఖంలో అందరి చూపూ ముందుగా పడే చోటు మాది. అలాంటి చోటు దక్కినవాళ్లకు కాస్త పొగరు ఉండటం మీ మనుషుల్లోనూ ఉన్నదే కదా.

ఏ ఊళ్లో పుట్టానో సరిగ్గా చెప్పలేను. మఖమలు గుడ్డను మిషను కింద పెట్టి టకటకా కొడుతుంటే రాలిపడ్డవాళ్లలో నేనూ ఉన్నాను. తర్వాత ఒక ఇరుకింట్లో ఇద్దరు తోడికోడళ్లు మమ్మల్ని ఒక్కొక్కళ్లనే ఏరి అట్టలకు అంటించారు. వాళ్ల చేతులు మా మీద, మాటలు పక్కింటావిడ మీద. ఆమె కట్టిన చీర, ఆమె మొగుడి తాగుడు, నిన్న ఆమె గుమ్మంలో నిలబడి ఎవరితో నవ్వింది... ఈ లోకంలో నేను విన్న మొదటి మాటలు అవే. పక్కింటి సంగతి లేకపోతే మనుషులకు పని సాగదు కాబోలు అనుకున్నాను. తర్వాత చూసిందేదీ నా అభిప్రాయాన్ని మార్చలేదు.

కోఠీలో ఒక ఫ్యాన్సీ షాపులో వేలాడుతుంటే జయంతి వచ్చి మా అట్ట కొన్నది. జయంతి టీవీ సీరియళ్లలో మేకప్ చేస్తుంది. అలా నేను వకుళ నుదుటికి చేరాను. వకుళ సీరియల్లో పెద్ద కోడలు. సాయంత్రం కుక్కరు కూతలతో పాటు ఇంటింటా వినిపించే ఏడుపు ఆమెదే. ఏడుపుకన్నా పేరు పడ్డది జడ. నడుము దాటి వేలాడే ఆ జడ లేకపోతే సగం కథ లేదు. చూసేవాళ్లు ఉత్తరాల కాలంలో ఏమడిగేవారో గానీ, ఇప్పుడు కామెంట్లలో ఆమె నటన గురించి ఒక్కరూ అడగరు. తలకు ఏం రాస్తావమ్మా అని అడుగుతారు.

షూటింగ్ అయ్యాక నన్ను నుదుటి మీదే ఇంటికి తెచ్చేది. మణికొండలో అద్దె ఫ్లాటు. తనూ, వాళ్లమ్మ సత్యవేణిగారూ ఇద్దరే ఉంటారు. ఆకివీడు నుంచి వచ్చి ఇన్నేళ్లయినా సత్యవేణిగారి మాటలో గోదావరి అలాగే ఉంది. ఇంటికి రాగానే వకుళ నన్ను తీసి అద్దానికి అంటించేది. మీ ఇళ్ల అద్దాల మీదా మావాళ్లు ఉండే ఉంటారు. నన్ను తీసిన చేత్తోనే జడను కూడా తీసేది.

మొదటిసారి చూసినప్పుడు నేను అద్దం మీంచి జారిపోయినంత పని అయింది. పేనుకొరుకుడు అంటారు కదా, అదే. రూపాయి బిళ్లంత ఖాళీలతో మొదలై, అవి ఒకదానితో ఒకటి కలిసి, తల చాలావరకు నున్నగా అయిపోయింది. అంటుకునే జబ్బు కాదు, ప్రాణం తీసే జబ్బూ కాదు. కానీ ఆమెకు కూడు పెడుతున్నది జడ. అందుకే ఆ సంగతి తెలిసింది డాక్టరుకు, తల్లికి, జయంతికి. ఇక నాకు.

మందు పని చేస్తోందో లేదో చూడాలని డాక్టరు ప్రతి శనివారం తలను ఫొటో తీసి పంపమన్నాడు. కిటికీ వెలుతురులో వకుళ తల వంచి కూర్చుంటే ఆమె ఫోనుతోనే తల్లి తీసేది. "ఇదిగో, ఇక్కడ నూగు వచ్చిందే వకుళా, ఒట్టు" అని ఆవిడ అంటే, ఈమె ల్యాప్‌టాప్ తెరిచి పోయిన వారం ఫొటోనూ ఈ వారం ఫొటోనూ పక్కపక్కన పెట్టుకుని చూసేది. ఆ ఇంట్లో పండగ అంటే అదే. కొత్త వెంట్రుక ఒకటి కనిపిస్తే సత్యవేణిగారు పరవాన్నం చేసేవారు.

ఇలా ఉండగా ఒకరోజు టీవీలో ఎవరో చెప్పారు, ల్యాప్‌టాప్‌కు పైన ఉండే కెమెరాలోంచి దొంగలు మన ఇంట్లోకి చూస్తారని. సత్యవేణిగారు పొయ్యి కట్టేసి పరుగున వచ్చారు.

"ఏవే, నీ దానికి కూడా ఆ కన్ను ఉందంట కదే! జడ తీసేసి దాని ఎదరే కూర్చుంటావు. ఎవడన్నా చూసేత్తే?"

"అమ్మా, నువ్వు మరీనూ."

"మరీ లేదు, గిరీ లేదు" అంటూ ఆవిడ అద్దం మీంచి నన్ను ఒలిచి, ఆ కన్ను మీద పెట్టి, బొటనవేలితో గట్టిగా అదిమారు. "ఇప్పుడు చూడమను, ఎవడు చూత్తాడో."

నా పొగరు రెట్టింపయింది. నుదుటి మీద అలంకారంగా ఉండటం వేరు, గుమ్మం దగ్గర కాపలా వేరు. జిగురు వైపుతో కెమెరాను మూసేశాను, మఖమలు వైపు గదిలోకి, తలుపు అవతల హాల్లోకి ఉంది. తెర మీద ఏముందో నాకు కనిపించదు. తెరను చూసే ముఖం మాత్రం కనిపిస్తుంది. శనివారాల్లో వకుళ ముఖం చూసి, జుట్టు వచ్చిందో రాలేదో నేను చెప్పగలిగేదాన్ని.

నాకు తెలియంది ఒకటుంది. తీసిన ప్రతి ఫొటో నకలునూ ఆ ఫోను ఇంటర్నెట్‌లో ఎక్కడో ఉన్న గోదాములోకి తనంతట తానే పంపుతూ ఉండేది. ఫోను కొన్న రోజున అది ఏదో అడిగితే, అందరిలాగే చదవకుండా 'సరే' నొక్కిన వకుళకూ ఆ సంగతి గుర్తులేదు. నేను కాపలా కాస్తున్నది కిటికీకి. గోదాముకు తలుపు ఇంకో వీధిలో ఉంది.

ఆ రోజుల్లోనే ఒక చానల్ వాళ్లు 'తారల ఇల్లు' అంటూ కెమెరాలతో ఇంటికి వచ్చారు. సత్యవేణిగారు పట్టుచీర కట్టుకుని వంటగది, దేవుడి గది, బాల్కనీలో బంతి మొక్కలు అన్నీ చూపించారు. యాంకరు పిల్ల చిన్నప్పటి వకుళ గురించి అడగడమే ఆలస్యం.

"ఆయ్, చిన్నప్పుడు దీనికి బాతంటే పిచ్చండీ. కొల్లేటి నుంచి వాళ్ల తాతగారు పిల్లని తెచ్చి ఇచ్చారు. పేరు కూడా ఆయనే పెట్టారండీ, మునసబు అని. ఊరంతా తనిఖీ చేత్తన్నట్టే నడిచేదండి, ఇలాగ" అని పట్టుచీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని హాల్లో నాలుగడుగులు నడిచి చూపించారు. యాంకరు నవ్వింది, కెమెరా అబ్బాయిలు నవ్వారు, వకుళ కళ్లల్లో నీళ్లొచ్చేలా నవ్వింది. నేనూ నవ్వాను. ఆ వీడియో లక్షల మంది చూశారు. కూరగాయల కొట్టు దగ్గర కూడా "మునసబు వాళ్లమ్మగారు" అంటున్నారని ఆవిడ మురిసిపోయేవారు.

కొన్నాళ్లకు ఒక ఉదయం ఫోను ఆగకుండా మోగింది. వకుళ ల్యాప్‌టాప్ తెరిచింది. తెర వెలుగులో ఆమె ముఖం నాకు ఎదురుగా ఉంది. ముందు కళ్లు కదలడం మానేశాయి. తర్వాత ఆమె చున్నీ తీసి తలకు కప్పుకుంది. గదిలో మేం తప్ప ఎవరూ లేరు. అయినా కప్పుకుంది. నేను చాలా ముఖాలు చూశాను గానీ, ఆ ముఖాన్ని మరిచిపోలేను.

మిగతాదంతా హాల్లో టీవీ చెప్పింది. 'పెద్ద కోడలి జడ గుట్టు రట్టు' అట. ఒక చానల్లో నలుగురు పెద్దలు కూర్చుని, ఆడపిల్ల సొంత ఫొటోలు ఇలా బయటపెట్టడం దారుణమని గంటసేపు బాధపడ్డారు. బాధపడుతున్నంతసేపూ పక్కన అవే ఫొటోలు వేశారు. జనం అయ్యో పాపం అన్నారు, అని నలుగురికి పంపారు. ఇన్నాళ్లూ మోసం చేసిందన్నవాళ్లూ ఉన్నారు. తన తల తన దగ్గరే ఉంచుకోవడం ఎవరిని మోసం చేయడమో నాకు బోధపడలేదు. మీ ఫోనుకూ వచ్చే ఉంటుంది. మీరు తెరవలేదనే అనుకుంటాను.

సీరియల్లో పెద్ద కోడల్ని కాశీయాత్రకు పంపేశారు. ఎప్పుడు తిరిగొస్తుందో రాసేవాళ్లకే తెలియదు. అది కూడా వకుళ ఓర్చుకుంది. శనివారం వచ్చింది. తల్లి ఫోను పట్టుకుని కిటికీ దగ్గర నిలబడ్డారు.

"వద్దమ్మా."

"డాక్టరు గారు అడుగుతారే."

"అడగనీ. ఇంక నా తలను ఎవరూ ఫొటో తియ్యొద్దు."

ఆ తర్వాతి శనివారమూ అంతే. మందు సీసా మూత తీయలేదు. వస్తున్న నూగు నిలబడిందో రాలిపోయిందో చూసినవాళ్లు లేరు. ఫొటోలు దొంగిలించినవాడు వాటితో పాటు ఆమె ఆశను కూడా పట్టుకుపోయాడు. అన్నిటికన్నా నాకు బాధ అనిపించింది అదే.

సత్యవేణిగారికి మాత్రం దొంగ ఎవరో తేలాలి. తేల్చేశారు కూడా. "ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. మనకి కాక ఆ జయంతికే కదే తెలుసు!" అని కూతురితో అని, జయంతి రాగానే ఆ మాటే ముఖం మీద అనేశారు. జయంతి చేతిలోని మేకప్ పెట్టె కింద పెట్టింది.

"అమ్మా, ఆ తలను రోజూ నా చేతుల్తోని సర్దిన. మీ బిడ్డ ఏడిస్తే పట్టుకుని కూసున్న. నాకు ఫొటో ఎందుకమ్మా?" అంది. పెట్టె కూడా తీసుకోకుండా వెళ్లిపోయింది. వకుళ లోపల్నుంచి లేచి వచ్చేసరికి లిఫ్టు దిగిపోయింది.

ఫిర్యాదు ఇచ్చిన కొన్ని రోజులకు సైబర్ క్రైమ్ నుంచి ఎస్సై స్వరూప ఇంటికి వచ్చింది. వకుళ పక్కన కూర్చుని ల్యాప్‌టాప్ తెరిచింది. సత్యవేణిగారు కాఫీ పెట్టడానికి వంటగదిలోకి వెళ్లారు.

"మేడం, కాలేజీల ఉన్నప్పుడు తెరిచిన పాత మెయిల్ ఉంది కదా, మీ ఫొటోలన్నిటికీ అదే తాళం. పాస్‌వర్డ్ మర్చిపోతే అడిగేతందుకు ఒక ప్రశ్న పెట్టుకున్నరు. గుర్తుందా?"

"లేదండీ. నెట్ సెంటర్లో ఎప్పుడో..."

"మీ మొదటి పెంపుడు జంతువు పేరేంది అని. వాడు ఏ తాళమూ పగలగొట్టలే. జవాబు కొట్టిండు, లోపలికి పోయిండు." ఎస్సై కాసేపు తెరను చూసి అడిగింది. "మునసబు అంటే ఏంది మేడం?"

వంటగదిలో గ్లాసులు కడుగుతున్న చప్పుడు వినిపిస్తోంది. వకుళ ఆ వైపు చూసింది. నేను ఆమె ముఖాన్నే చూస్తున్నాను. అందులో కోపం వస్తుందేమోనని ఎదురుచూశాను. రాలేదు.

"మీకు తెలిస్తే చాలండీ. మా అమ్మకు మాత్రం చెప్పకండి."

"రిపోర్టుల రాయాలె కదా."

"రాయండి. అమ్మ రిపోర్టులు చదవదు, టీవీయే చూస్తుంది."

ఎస్సై తలూపి, గొంతు తగ్గించి జాగ్రత్తలు చెప్పింది. అటువంటి ప్రశ్నలకు నిజం జవాబు పెట్టొద్దు, ఎవరూ ఊహించని అబద్ధం పెట్టుకోవాలి. ఒక్కో ఖాతాకు ఒక్కో పాస్‌వర్డ్ ఉండాలి. పాస్‌వర్డ్ కొట్టినా ఫోనుకు కోడ్ వస్తే గానీ తెరుచుకోకుండా చూసుకోవాలి. ఫొటోలు వాటంతట అవి పైకి వెళ్లడం ఆపేయాలి. పిల్లలకు అబద్ధం ఆడొద్దని నేర్పే మీరే, చివరికి అబద్ధంతో ఇల్లు కాపాడుకోవాల్సి వచ్చింది చూశారా!

సత్యవేణిగారు కాఫీ గ్లాసులతో వచ్చారు. "దొరికాడా అమ్మా? జయంతేనా?"

"జయంతి కాదమ్మా. ఆమెకు ఏ సంబంధమూ లేదు" అంది వకుళ.

"మరెవడే? ఎలా వచ్చాడే లోపలికి?"

వకుళ తల్లిని చూసింది. ఎస్సై కాఫీ గ్లాసులోకి చూసింది. ఇద్దరూ మాట్లాడకపోయేసరికి సత్యవేణిగారి చూపు గదంతా తిరిగి నా మీద ఆగింది. ఎండకీ దుమ్ముకీ ఒక పక్క నా అంచు కాస్త లేచి ఉన్నమాట నిజం.

"అదిగో! చూడవే, ఓర లేచిపోయింది! ఇందులోంచే దూరుంటాడు. నేను పెట్టిందే సరిగ్గా..."

"అవునమ్మా, అందులోంచే" అంది వకుళ వెంటనే. "నువ్వు బాగానే పెట్టావు. ఆ బిళ్ల జిగురే మంచిది కాదు. నువ్వేం చేస్తావు?"

నాకు ఒళ్లు మండిపోయింది. పెట్టిన చోటు నుంచి వెంట్రుకవాసి కదిలినదాన్ని కాను. నోరుంటే అరిచేదాన్ని. కానీ వకుళ ముఖం చూశాను. సీరియల్లో ఆమె ఎన్ని వందల సార్లు ఏడ్చినా నుదుటి మీద నేనున్నాను. అంత బాగా నటించగా ఎన్నడూ చూడలేదు.

"ఛీ, పనికిమాలినదానా" అని సత్యవేణిగారు నన్ను గోటితో గీకి, నలిపి, చెత్తబుట్టలో పడేశారు. వెంటనే జయంతికి ఫోను చేశారు. "నోరు జారానమ్మా జయంతీ. తప్పు నీది కాదు, మాయదారి బొట్టుబిళ్లది. రేపొచ్చి నీ పెట్టె తీసుకో. ఊరికే పెట్టె కాదు, భోజనానికి రా. నువ్వు రాకపోతే నేనే వత్తాను" అంటున్నారు. అవతల జయంతి ఏమందో నాకు వినిపించలేదు.

సాయంత్రం బుట్టలోంచి వాళ్లిద్దరి మాటలూ విన్నాను.

"ఫొటో వద్దులే. ఇలా పడుకో. నా వేళ్లతో తడిమి చెబుతాను."

ఆవిడ గాజుల చప్పుడు నెమ్మదిగా వినిపించింది.

"ఇక్కడ నూగు తగులుతోందే."

"నిజంగానా అమ్మా?"

"నిజమే. ఒట్టు."

మర్నాడు మున్సిపాలిటీ ఆటో వచ్చింది. ఇప్పుడు ఊరి చివర చెత్తగుట్టలో ఉన్నాను. నా పక్కన పగిలిన ఫోన్లూ, పాత కీబోర్డులూ చాలా ఉన్నాయి. వాటి కడుపుల్లో ఎవరెవరి సంగతులు ఉన్నాయో, పారేసినవాళ్లకే తెలియదు. రోజూ తలుచుకుని బాధపడతాను. ఆ తల్లి నన్ను నమ్మింది. ఆ అమ్మాయి తల్లి మాటలకు నవ్వింది. ఆ ఇంట్లో ఎవరూ ఏ తప్పూ చేయలేదు, అయినా అంత నష్టం జరిగింది.

మునసబు సంగతి ఇంతవరకూ ఎక్కడా బయటపెట్టలేదు. ఇవాళ మీకు చెప్పేశాను. ఇంక అది మీ దగ్గరే ఉండాలి. ఎక్కడైనా సత్యవేణిగారు ఎదురుపడి, మా అమ్మాయి ఫొటోలు ఎలా పోయాయో తెలుసాండీ అని మొదలుపెట్టవచ్చు, ఆవిడ మొదలుపెట్టకుండా ఉండరు. అప్పుడు మీరు, తప్పంతా ఆ బొట్టుబిళ్లదేనండీ అనండి.